కయూగా సరస్సు పక్కన రాళ్ళదారి: టైరుకు గాలెంత, పిల్లలకు తెలుగెంత

ఆంధ్రాలో గ్రావెల్ అంటే పునాదుల్లో నింపే ఎర్రమట్టి. న్యూయార్క్ రాష్ట్రంలో ఇతాకా చుట్టుపక్కల అదే మాటకు, నలగ్గొట్టిన బూడిదరంగు రాయి పరిచిన పల్లెరోడ్డు అని అర్థం. కయూగా, సెనెకా సరస్సుల మధ్య ద్రాక్షతోటలు, మొక్కజొన్న చేలు, పశువుల కొట్టాల పక్కగా ఇలాంటివి మైళ్ళకొద్దీ ఉన్నాయి. కార్లు తక్కువ. సైకిలు మీద నిలకడ వచ్చిన పిల్లలతో వెళ్ళడానికి బాగుంటాయి, టైర్లో గాలి సరిగ్గా ఉంటే.

మొదటిసారికి బ్లాక్ డైమండ్ ట్రెయిల్ చాలు. ఇతాకాలో కాస్ పార్కు నుంచి టగానక్ జలపాతం దాకా దాదాపు 8.4 మైళ్ళు. ఒకప్పటి లీహై వ్యాలీ రైలుకట్ట ఇది. 1896 నుంచి 1959 దాకా నడిచిన రైలు పేరే దారికి మిగిలింది. నల్ల వజ్రమంటే బొగ్గు, సింగరేణిలో మనవాళ్ళు నల్ల బంగారం అన్నట్టే. రైలింజను నిటారైన ఎత్తులు ఎక్కలేదు కాబట్టి వాలు చాలా తక్కువ. చిక్కల్లా అక్కడే: జలపాతం వైపు వెళ్తున్నంతసేపూ ఎత్తే, కానీ కంటికి తెలియదు. నాలుగో మైలుకి పిల్లాడు నీరసపడితే బద్ధకమనుకుని కసురుతారు. సగంలో వెనక్కి తిప్పేసినా తప్పులేదు; వచ్చేటప్పుడు సైకిలు దానంతటదే దొర్లుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యా కార్లో వచ్చి, జలపాతాన్ని పైనుంచి చూసే చోట కలుసుకోవచ్చు. ఎత్తు 215 అడుగులు, నయాగరా కన్నా ఎక్కువ. అయితే ఆగస్టులో ధార సన్నబడుతుంది, ముందే చెప్పి తీసుకెళ్ళండి.

రెండో మెట్టు ఫింగర్ లేక్స్ నేషనల్ ఫారెస్ట్. రెండు సరస్సుల మధ్య గట్టు మీద 16 వేల ఎకరాల పైచిలుకు అడవి, పచ్చికబయళ్ళు. వేసవిలో ఆవులు మేస్తుంటాయి. ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. ఉత్తర దక్షిణాలుగా, గట్టు వెంబడి పోయే పొటోమాక్ రోడ్డులాంటివి ఎగుడుదిగుడుగా ఉన్నా పిల్లలకు పర్వాలేదు. తూర్పు పడమరలుగా పోయేవి సరస్సులోకి జారుతున్నట్టు దిగుతాయి. కయూగా నీటిమట్టం 380 అడుగుల దగ్గర, గట్టు 1,700 పైన. ఆ దిగుడు పిల్లల బ్రేకులకు తగినది కాదు. ఫోను సిగ్నలు పోతుంటుంది, మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచు కరిగి రోడ్డు మెత్తబడుతుంది, చక్రం కూరుకుపోతుంది. మే నుంచి నయం. నవంబరులో జింకల వేట, అప్పుడు అడవి జోలికి పోకండి.

ఇక గాలి. టైరు పక్కన అచ్చేసి ఉండేది గరిష్ఠం, అంత కొట్టమని కాదు. గట్టిగా కొడితే రాళ్ళ మీద చక్రం ఎగిరెగిరిపడి పట్టు తప్పుతుంది. 30 కిలోల పిల్లకు 24 అంగుళాల చక్రం, 2 అంగుళాల వెడల్పు టైరయితే 22 నుంచి 25 పీఎస్ఐ (పంపు మీది గాలి ఒత్తిడి కొలత). 70 కిలోల పెద్దవాళ్ళకు 40 మిల్లీమీటర్ల టైరయితే ట్యూబ్‌లెస్‌లో 32–35, ట్యూబుంటే 40 దాకా. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాముకాటులా పక్కపక్కన రెండు బొక్కలు పడతాయి. అలాంటి పంక్చరు కనబడితే తర్వాత 3–4 పీఎస్ఐ పెంచండి. ఇంకో సంగతి: పిల్లల సైకిలుకు సాధారణంగా కారు టైరుకుండే లావు వాల్వు, పెద్దవాళ్ళ గ్రావెల్ బైకుకు సన్నటి ప్రెస్టా వాల్వు. రెండింటికీ పట్టే పంపు, ఇద్దరి సైజుల్లోనూ చెరొక ట్యూబు సంచిలో ఉండాలి. సాధారణంగా మరిచేది పిల్లల ట్యూబే.

బ్రేకు లివరు పిల్లల వేళ్ళకు అందుతోందో లేదో చూడండి. లివరు దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, బిగిస్తే లివరు హ్యాండిల్ వైపు వస్తుంది. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం జారుతుంది. మలుపుకు ముందే రెండూ మెల్లగా నొక్కి, మలుపులో వదిలెయ్యాలి. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేవకూడదు, లేస్తే వెనక చక్రానికి బరువు తగ్గి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. గేరు ఎత్తు మొదలవక ముందే మార్చాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పెద్దవాళ్ళ ఒంట్లోనే ఉంది. ఎడమవైపు నడిపే దేశంలో సైకిలు నేర్చుకున్నవాళ్ళం. ఈ రోడ్లకు మధ్యగీత ఉండదు. మలుపులో ట్రక్కు ఎదురైతే ఉలిక్కిపడి ఎడమకు లాగుతాం, అంటే నేరుగా దాని మీదకే. పిల్లలు కుడికే లాగుతారు, వాళ్ళదే సరైనది. అందుకని బయల్దేరేముందు కుడి అంచు ఎటో వాళ్ళనే చెప్పమనండి. సెలవులకు తెనాలి వెళ్ళినప్పుడు ఇదే తిరగబడుతుంది, అప్పుడు చెప్పే వంతు మనది.

మాటల విషయానికొస్తే, ప్రమాదపు కేకకు పిల్ల ఏ భాషలో ముందు స్పందిస్తుందో అదే వాడండి. చాలామంది పిల్లలకు ఎడమ, కుడి అన్న తెలుగు మాటలు తడబడతాయి. కారు వస్తున్నప్పుడు పాఠం పెట్టకూడదు. తెలుగు పని చేసేది కారు లేనప్పుడు. తొక్కు, ఆపు, దిగు, తొయ్యి, బిగించు, వదులు చెయ్యి, గాలి కొట్టు, గొలుసు ఊడింది. ఈ క్రియలు ఆదివారం తెలుగు బడిలో అట్టే దొరకవు, పంక్చరు వేసేటప్పుడు అవే వస్తాయి. అర్థం చెప్పక్కర్లేదు, చేతిలో పని ఉంది కదా. కుక్క వెంటపడితే మాత్రం ఇంగ్లీషే: దిగి, సైకిలును మధ్యలో అడ్డం పెట్టి, ‘గో హోమ్’ అని గట్టిగా అరవాలి. ఆ కుక్క తెలుగు వినలేదు.

దారిలో ఊళ్ళ పేర్లు వింతగా ఉంటాయి: యులిసెస్, హెక్టర్, ఓవిడ్, రోములస్. పిల్లలు అడుగుతారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం తర్వాత సైనికులకు పంచిన భూములకు పెట్టిన గ్రీకు, రోమను పేర్లవి. అంతకుముందు ఇది కయూగా అనే స్థానిక అమెరికన్ ప్రజల నేల. 1779లో అమెరికన్ జనరల్ సలివన్ సైన్యం సరస్సు ఒడ్డున వాళ్ళ ఊళ్ళనూ, మొక్కజొన్న చేలనూ, పండ్లతోటలనూ తగలబెట్టింది. రోడ్డు పక్క నీలం, పసుపు రంగుల చరిత్ర ఫలకాలు కొన్నిచోట్ల ఆ సంగతి చెబుతాయి. వాటి మీద ‘ఇండియన్’ అన్న మాట చూసి మనమేనా అని అడిగే వయసుంటుంది. కాదని చెప్పి, ఎవరో కూడా చెప్పండి. దాన్ని లాక్కొచ్చి మహాభారతంతో ముడిపెట్టనక్కర్లేదు.

తిండికి పులిహోర మంచిదే, కానీ ఎత్తు ఎక్కాక. ముందు తింటే కడుపు బరువు. అరగంటకోసారి పల్లీ పట్టీ ముక్క, రెండు ఖర్జూరాలు చాలు. వేరే పిల్లలు వెంట వస్తే పల్లీలు పడతాయో లేదో వాళ్ళ అమ్మానాన్నలను ముందే అడగాలి. పెరుగన్నం ఎండలో గంట దాటితే వద్దు. నీళ్ళు పిల్లలకు గంటకు 400 మిల్లీలీటర్ల లెక్కన, అడవిలో అయితే ఇంకో సీసా అదనంగా. వేసవి చివర సరస్సు నీళ్ళ మీద ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు తెట్టు కనిపిస్తే కాళ్ళు కూడా పెట్టనివ్వకండి, అది విషపు నాచు.

ఇంటికి రాగానే స్నానానికి ముందు పిడుదులు చూడాలి. పశువులకు పట్టే పిడుదుల జాతే, కానీ జింకల మీదివి నువ్వుగింజంత, పిల్ల పిడుదులైతే గసగసాలంత. లైమ్ జబ్బు వీటితోనే వస్తుంది. మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదట్లో వెతకండి. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా తిన్నగా లాగాలి. నూనె, పసుపు, అగ్గిపుల్ల వద్దు. తర్వాత సబ్బుతో కడిగి, తేదీ రాసిపెట్టుకోండి. కొన్ని వారాల్లోపు దద్దురో జ్వరమో వస్తే డాక్టరు అడిగేది ఆ తేదీనే.