యాట కోశాక మొదటి గంట

మటన్ నీచు వాసన వస్తే పొట్టేలు ముదురుదనో, మసాలా చాల్లేదనో అంటాం. చాలాసార్లు తప్పు కోసినచోటే జరిగి ఉంటుంది. బొచ్చు పట్టుకున్న చేయి మాంసానికి తగిలినా, పేగు తెగి పేడ చిందినా, ఒలవడం ఆలస్యమైనా పుట్టే వాసనను అల్లం వెల్లుల్లి కప్పిపెడతాయేగానీ పోగొట్టలేవు. అడవి జంతువుల మాంసం శుభ్రం చేసే పద్ధతి కూడా ఇదే. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర జింకనో కుందేలునో వేటాడటం నేరం కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా దసరాకో బోనాలకో ఇంటిదగ్గర కోసుకునే పొట్టేలు గురించే.

ముందురోజు సాయంత్రం నుంచి మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టండి. పొట్ట నిండుగా ఉంటే కత్తి మొన తగిలిందంటే చిట్లుతుంది. కోసేముందు తరమొద్దు, బెదరగొట్టొద్దు. కండలో ఉన్న చక్కెర నిల్వ పరుగులోనే ఖర్చయిపోతే, కోశాక మాంసంలో పుట్టాల్సిన పులుపు పుట్టదు. అలాంటి మాంసం నల్లగా, జిగటగా ఉండి తొందరగా పాడవుతుంది.

కుత్తుక తెగగానే వెనక కాళ్లకు తాడేసి తలకిందులుగా వేలాడదీయండి. 20 కిలోల పొట్టేలుకు ముప్పావు లీటరు దాకా రక్తం వస్తుంది. ఆ రక్తంతో నల్ల వండుకునేవాళ్లు శుభ్రమైన గిన్నెలో చెంచాడు ఉప్పు, కాసిని నీళ్లు వేసి పట్టుకోవాలి. రక్తం సరిగా కారని మాంసం నిలవ ఉండదు.

తోలు ఒలవడంలో కత్తి పని తక్కువ, పిడికిలి పని ఎక్కువ. వెనక కాళ్ల లోపలివైపు గాట్లు పెట్టి, అంచు లేచాక తోలుకూ కండకూ మధ్య పిడికిలి దూర్చి నెట్టుకుంటూ రండి. ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు సులువుగా ఊడివస్తుంది, చల్లారితే అంటుకుపోతుంది. ఒక చేయి తోలుకు, ఒక చేయి మాంసానికి. ఈ రెండూ కలవకూడదు. తోలు కోసిన కత్తిని కడగకుండా మాంసం మీద పెట్టొద్దు. కాలి దగ్గర చిల్లు పెట్టి నోటితో గాలి ఊదే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. నోట్లో ఉన్నదంతా మాంసంలోకి పంపడమే అది, మానేయాలి.

ఇక పొట్ట. ముందు మలద్వారం చుట్టూ గుండ్రంగా కోసి, పేగు చివర బయటికి లాగి దారంతో గట్టిగా ముడేయండి. మెడ దగ్గర గాలిగొట్టాన్నీ ఆహారం దిగే గొట్టాన్నీ విడదీసి, రెండోదానికీ ముడి వేయండి. ఈ రెండు ముళ్లు వేయకపోతే పొట్టలోనిది ఎటో ఒకవైపు కారుతుంది. పొట్ట చీల్చేటప్పుడు కత్తి పదును బయటివైపు ఉండాలి. లోపల రెండు వేళ్లు పెట్టి, పేగుల్ని వెనక్కి నొక్కుతూ వేళ్ల మధ్య నుంచి కత్తిని నడిపించాలి. మూత్రం తిత్తిని నొక్కకుండా దాని మెడ పట్టుకుని కోయాలి. కార్జానికి అంటుకున్న చేదుకట్టును కొంచెం కార్జం ముక్కతో సహా తీసేస్తే పగలదు. పగిలితే పచ్చబడ్డ భాగం కోసి పారేయండి. పేడ మరక పడ్డా అంతే, కడిగితే మురికి ఇంకా పాకుతుంది.

కార్జాన్ని, ఊపిరితిత్తుల్ని వెలుతురులో చూడండి. కార్జం కోసినప్పుడు గొట్టాల్లోంచి ఆకులాంటి చదునైన పురుగులు వస్తే ఆ కార్జం వండొద్దు. నీళ్లు నిండిన తెల్లటి బుడగలు కనిపిస్తే మరీ జాగ్రత్త. వాటిని కుక్కలకు వేస్తే కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో బయటపడి మళ్లీ గొర్రెలకూ మనకూ అంటుతాయి. కాల్చేయండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి. ఉన్నట్టుండి చచ్చిపడి ముక్కులోంచో మలద్వారంలోంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారే జీవాన్ని అసలు కోయొద్దు, పశువైద్యుణ్ణి పిలవండి. విశాఖ మన్యంలో చచ్చిన జీవాల్ని కోసుకుని తిని ఆంత్రాక్స్ జబ్బు పాలైనవాళ్లున్నారు.

బోటి దగ్గరే ఎక్కువమంది ఓపిక పోగొట్టుకుంటారు. పొట్టను కోసి పేడ దులిపి, రెండు మూడు నీళ్లలో కడిగాక వేడినీళ్లలో ముంచాలి. నీళ్లు మరుగుతూ ఉంటే పైపొర ఉడికి కరుచుకుపోతుంది, ఎంత గీకినా రాదు. గోరువెచ్చగా ఉంటే అసలు కదలదు. మూడు చెంబుల మరిగే నీళ్లకు రెండు చెంబుల చన్నీళ్లు కలిపితే సుమారు 70 డిగ్రీలు వస్తుంది. ముక్కను ముంచి పది పదిహేను సెకన్లకోసారి గోటితో గీకి చూడండి. నల్లపొర ఊడిన క్షణంలో బయటికి తీసి కత్తి వెన్నుతో గీకేయాలి. పొట్టలో ఆకులు ఆకులుగా ఉండే గదిలో ప్రతి ఆకూ విప్పి కడగాలి, అక్కడే ఇసుక దాక్కుంటుంది. పేగుల్లోకి నీళ్లు పోసి పిండాక, సన్నటి పుల్లతో లోపలిది బయటికి తిప్పి ఉప్పు, పసుపుతో రుద్దండి.

తలకాయ, కాళ్లు కట్టెల మంట మీద కాల్చండి. పాత టైర్లు, కిరోసిన్ వాడితే ఆ విషం తోలులోకి ఎక్కుతుంది. గిట్టలు బాగా కాలాక రాయితో కొడితే ఊడతాయి. గొర్రెకు రెండు గిట్టల మధ్య, పైభాగంలో చిన్న రంధ్రం కనిపిస్తుంది. దాని లోపల మైనంలాంటి జిడ్డున్న సంచి ఉంటుంది. దాన్ని చుట్టూ కోసి తీయకపోతే కాళ్ల పులుసు మొత్తం వాసన కొడుతుంది. మేకకు అది ఉండదు. తలకాయను నిలువునా చీల్చి ముక్కు లోపల చూడండి, తెల్లటి లావుపాటి పురుగులు ఉండవచ్చు. ముక్కు లోపలి పొరతో సహా గీకి పారేయాలి.

20 కిలోల పొట్టేలుకు మాంసం తొమ్మిది, పది కిలోలు తేలుతుంది. వండేది ఉంటే గంట రెండు గంటల్లో పొయ్యి మీద పెట్టండి. దాచుకునేది ఉంటే నేరుగా ఫ్రీజర్‌లో పెట్టొద్దు. కండ బిగుసుకోకముందే గడ్డకడితే ముక్క రబ్బరులా సాగుతుంది. నీడలో, గాలి ఆడేచోట వేడి తగ్గేదాకా వేలాడదీసి, ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచి, ఆ తర్వాత ఫ్రీజర్‌లోకి మార్చండి. ఎండాకాలంలో అయితే తెల్లవారకముందే కోయడం మేలు.

తోలు అమ్మే ఉద్దేశం ఉంటే రెండు గంటల్లోపు మాంసంవైపు దొడ్డుప్పు పట్టించి పరచండి. రెండు కిలోల తోలుకు కిలో ఉప్పు కావాలి. మడిచి మూలన పడేస్తే సాయంత్రానికే బొచ్చు రాలడం మొదలవుతుంది, అప్పుడు కొనేవాడు ఉండడు.