అమ్మ కుడికంట్లో కరీనా కొండలు

అమ్మ తెనాలి నుంచి మా ఇంటికి వచ్చి మూడు వారాలయింది. 2023 డిసెంబరు, పిల్లలకు సెలవులు. వాషింగ్టన్‌లోని ఆర్టెక్‌హౌస్ అనే కళాప్రదర్శనశాలలో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాల ఆధారంగా, నాసాతో కలిసి చేసిన ప్రదర్శన నడుస్తోందని తెలిసినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. పేరు ‘బియాండ్ ద లైట్’. ఒక శనివారం ఐదుగురం బయలుదేరాం.

ఆ టెలిస్కోపు మీద నాకు ఇంట్లో మనిషి మీద ఉన్నంత ప్రేమ. దాని 18 బంగారు పూత అద్దాలను ఒక్కటిగా కూర్చింది ఇక్కడికి దగ్గరలోనే, మేరీలాండ్ గ్రీన్‌బెల్ట్‌లోని నాసా వారి గొడ్డార్డ్ కేంద్రంలో. అక్కడి నుంచి హ్యూస్టన్, కాలిఫోర్నియా, చివరికి ఓడలో పనామా కాలువ మీదుగా ఫ్రెంచ్ గయానా. 2021 క్రిస్మస్ నాడు పొద్దున్నే, రెండేళ్ల బాబును చంకనేసుకుని, ఏరియన్-5 రాకెట్టు దాన్ని మోసుకుని లేవడం టీవీలో చూశాను. ఆ తర్వాత టెన్నిస్ కోర్టంత ఎండ తెర అయిదు పొరలూ చిక్కుపడకుండా విచ్చుకునే వరకు రోజూ అదే ధ్యాస. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండే వస్తువు. ఏదైనా తేడా వస్తే వెళ్లి బాగుచేసే వీలే లేదు.

ఆష్‌బర్న్‌లో మెట్రో ఎక్కాం. రాస్లిన్ దాటాక రైలు పోటోమాక్ నది కిందుగా వెళ్తుందని మా ఆయన చెప్పేసరికి అమ్మ పర్సులో వేలు పెట్టి ఆగిపోయింది. విజయవాడ వెళ్లేటప్పుడు కృష్ణలో బిళ్ల వేయడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. “నది నెత్తిన ఉంటే ఎటు వేస్తాం తల్లీ” అని మనవరాలిని అడిగి, బిళ్లను దాని చేతిలోనే పెట్టింది.

లోపలికి వెళ్లాక మెట్లు దిగాలి. కింద పెద్ద హాలు. గోడలు, నేల, అన్నీ వెలుగే. బాబు మొదటి మెట్టు దగ్గరే నా కొంగు పట్టుకుని నిలబడిపోయాడు. కాళ్ల కింద చుక్కలు కదులుతున్నాయి, వాటి మీద అడుగు వేయాలంటే వాడికి భయం. వాళ్ల నాన్న ముందు దిగి, అరికాలితో ఒక చుక్కను తొక్కి చూపించాడు. చుక్క పాదం మీదికి ఎక్కింది. అంతే, తర్వాత వాడిని ఆపడం మా వల్ల కాలేదు.

ఇది పాఠం చెప్పే ప్రదర్శన కాదు. టెలిస్కోపు పంపినదాన్ని తీసుకుని కళాకారులు అల్లిన దృశ్యం, దానికి తగ్గ సంగీతం. అందుకే అసలు చిత్రాలను ముందు రోజు రాత్రే పిల్లలకు కంప్యూటర్‌లో చూపించాను. ఏది ఆకాశం, ఏది ఊహ అన్నది తెలిసి చూస్తే ఆనందం పెరుగుతుందే తప్ప తగ్గదని నా నమ్మకం. అందరూ నేల మీదే చేరగిలబడి చూస్తున్నారు. మేమూ గోడవారగా కూర్చున్నాం.

దుమ్ము, వాయువు కొండల్లా లేచి మూడు వైపులా కమ్ముకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కరీనా నీహారిక. 2022 జూలై 12న వచ్చిన తొలి చిత్రాల్లో అందరి కళ్లూ నిలిచింది దీని మీదే. 7,600 కాంతి సంవత్సరాల దూరం. అందులో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం పొడవే దాదాపు ఏడు కాంతి సంవత్సరాలు. పైనున్న కుర్ర నక్షత్రాల ధాటికి ఆ కొండ అంచు తరిగిపోతోంది. ఫోనులో ఎన్నోసార్లు చూసిన చిత్రమే. కానీ ఆ అంచు మనిషి కన్నా ఎత్తుగా పక్కన నిలబడితే, ఇన్నాళ్లూ చూసింది చూడటమే కాదనిపించింది.

“అమ్మా, ఇవి నిజం రంగులేనా?” అంది పాప.

రాత్రి చెప్పకుండా వదిలేసింది సరిగ్గా ఇదే. వెబ్ ఎక్కువగా చూసేది పరారుణ కాంతిని. అది మన కంటికి కనబడదు. ఒక్కో ఫిల్టరు గుండా వచ్చే చిత్రం నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో జోసెఫ్ డిపాస్‌క్వాలే, అలిస్సా పగాన్ వంటివారు వాటికి రంగులు కూరుస్తారు. తక్కువ తరంగదైర్ఘ్యానికి నీలం, ఎక్కువదానికి ఎరుపు, మధ్యవి మధ్యలో. ఇష్టం వచ్చినట్టు పూసే రంగులు కావు.

“అమ్మమ్మ పాడే కీర్తన మరీ మంద్రంలో, నీ చెవికి అందనంత కింద ఉందనుకో. శ్రుతి పెంచి పాడితే వినబడుతుంది కదా. పాట మారిందా?” అన్నాను.

“స్వరాల వరస మారదు” అంది అమ్మ, పాప బదులు.

తర్వాత ఆమె ఎడమ కన్ను చేత్తో మూసుకుంది. కాసేపటికి చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకుంది. మళ్లీ ఎడమది. తల నొప్పేమోనని అడిగాను. “లేదే. ఈ కంటితో చూస్తే కొండ మీద ఆకాశం మంచి నీలంగా ఉంది. ఆ కంటితో చూస్తే నీళ్ల తొట్టిలో పాచి పట్టినట్టుంది.” ఆగస్టులో గుంటూరులో ఆమె కుడి కంటికి శుక్లం తీశారు. ఎడమది ఇంకా చేయించుకోవాలి. శుక్లం పట్టిన కటకం పసుపుబారి, నీలాన్ని లోపలికి రానివ్వదు. నాకు తెలిసిన విషయమే, కానీ అమ్మ రోజూ రెండు లోకాలు చూస్తోందన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. “మరి ఏది నిజం అమ్మమ్మా?” అని పాప పట్టుబట్టింది. “కొండ నిజం” అంది అమ్మ, చూపు తిప్పకుండా.

వెబ్ కన్నా ముందు వెళ్లిన హబుల్ అంతరిక్ష టెలిస్కోపు సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. 1990లో పైకి వెళ్లాక దాని అద్దం అంచుల్లో వెంట్రుక మందంలో యాభయ్యో వంతు ఎక్కువ అరిగిందని తేలింది. చిత్రాలు మసక. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దానికి చూపు తెప్పించారు. ఈ కథ రైల్లో చెబితే అమ్మ ఎంతో శ్రద్ధగా విని, “ఎన్ని రోజులు పట్టింది, మళ్లీ బాగా కనబడిందా” అని ఆస్పత్రిలో ఉన్న చుట్టం గురించి అడిగినట్టు అడిగింది.

మర్నాడు దగ్గరే కదా అని షాంటిలీలోని ఉద్వార్-హాజీ విమాన, అంతరిక్ష మ్యూజియంకు వెళ్లాం. హబుల్‌ను మోసుకెళ్లిన డిస్కవరీ అనే స్పేస్ షటిల్ వ్యోమనౌక అక్కడే ఉంది. పొట్ట మీది పలకలు మాడి, గీతలు పడి ఉన్నాయి. అమ్మ దానికి రెండు చేతులూ జోడించింది.

కరీనా చిత్రాన్ని పెద్దగా ప్రింటు తీయించి వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టాను. అమ్మ తిరుగు ప్రయాణం జనవరి చివర్లో, ఫిబ్రవరిలో ఎడమ కంటికి ఆపరేషన్. రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడి, కుడి కన్ను మూసుకుని చూస్తుంది. బాగా కనబడే కన్ను మూయడం ఎందుకంటే, “తర్వాత ఈ రంగు కనబడదుగా” అంటుంది.