ఎక్కడం వేరు, ఎక్కించడం వేరు: నా అనుభవం

భువనగిరి కోటను మోస్తున్న ఏకశిల మీద పదిహేడేళ్ల వయసులో మొదటిసారి నడుముకు రోప్ కట్టుకున్నప్పుడు, ఇదే నాకు బతుకుతెరువు అవుతుందని అనుకోలేదు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ రాతి మీదే కనుక, ఆ తరువాత అక్కడ చేరిన మాలో చాలామంది మంచు శిఖరాలను తలచుకుంటూ వచ్చారు. నాకు మాత్రం ఆ రాయే నచ్చింది.

పర్వతారోహణ గైడ్ కావాలనుకునేవారు మన దేశంలో ఎక్కువగా నడిచే దారి మెట్లు మెట్లుగా ఉంటుంది. 28 రోజుల బేసిక్ కోర్సులో ‘ఎ’ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు అర్హత. అందులోనూ ‘ఎ’ గ్రేడ్ తెచ్చుకున్నవారికే బోధన నేర్పే ఎం.ఓ.ఐ. (మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్) కోర్సులో చోటు. నేను ఈ మూడింటినీ 1965లో ఉత్తరకాశీలో నెలకొల్పిన నెహ్రూ పర్వతారోహణ సంస్థలో చేశాను. మొదటి రెండింటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు: టేఖ్లా రాళ్ల మీద సాధన, బరువైన సంచీతో డోక్రియానీ హిమనదం దాకా నడక, అంతవరకు మంచు ముఖం చూడని కాళ్లకు క్రాంపాన్లు, అంటే మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టే ఇనుప ముళ్లు, తగిలించుకుని పడుతూ లేస్తూ గడిపిన రోజులు. ఒంట్లో బలం, కొంత మొండితనం ఉంటే అవి దాటవచ్చు.

నన్ను నిలబెట్టి కడిగింది మూడవ కోర్సు. అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక పాఠం అప్పగిస్తారు. తోటివారినే విద్యార్థులుగా భావించి, ముందు మాటలతో చెప్పి, తరువాత చేసి చూపించాలి. నాకు రాపెలింగ్, అంటే రోప్ ఆధారంగా రాతి మీంచి కిందికి దిగడం, వచ్చింది. నా హైదరాబాదీ హిందీలో ‘నక్కో’ (వద్దు) వినిపించినప్పుడల్లా మా శిక్షకుడైన ఉస్తాద్ నవ్వు ఆపుకునేవారు కాని, పాఠం బాగానే సాగుతోందని నాకు ధీమాగా ఉంది. రోప్‌ను రాతికి బిగించే యాంకర్ కట్టాను, రోప్‌ను తగిలించే లోహపు కొక్కెం కారబైనర్‌ను తిప్పి చూపాను, అందంగా దిగి మళ్లీ పైకి వచ్చాను. అప్పుడు ఉస్తాద్ ఒకే ప్రశ్న అడిగారు: “నీ ఆరుగురిలో ఎవరి హార్నెస్ పట్టీ బకిల్‌లోంచి వెనక్కి మడవలేదు?”

హార్నెస్ అంటే రోప్‌ను ఒంటికి తగిలించుకోవడానికి నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీల అమరిక. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన ముందే ఒకరికి చెప్పి పట్టీని అలా వదిలేయించారు. ఆ రకం హార్నెస్‌లో పట్టీని తిరిగి మడవకపోతే బరువు పడినప్పుడు జారిపోవచ్చు. నేను దిగి వచ్చేంతసేపూ వారికి వీపు చూపించి, నా ఒడుపును నేనే మెచ్చుకుంటూ ఉన్నానన్నమాట. ఆ పాఠం మూడు రోజుల తరువాత మళ్లీ చెప్పాను. ఈసారి నేను దిగి చూపకముందే ప్రతి ఒక్కరి పట్టీని, ముడిని, హెల్మెట్ కట్టును చేత్తో తాకి చూశాను. మంచి మార్కులేమీ రాలేదు, గట్టెక్కాను.

ఇప్పుడు నా వారాంతాలు భువనగిరిలోనే గడుస్తున్నాయి. ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టి, రాయి కాలకముందే అందరినీ కిందికి దించేస్తాను. నైలాన్ రోప్‌కు ఎండ పడదు కనుక ప్రతి రోప్ కొన్న తేదీ, వాడిన రోజులు ఒక పుస్తకంలో రాసుకుంటాను. సాగే డైనమిక్ రోప్‌ను ఎక్కడానికి, అంతగా సాగని స్టాటిక్ రోప్‌ను దిగడానికి విడివిడిగా ఉంచుతాను. వానాకాలంలో రాబడి దాదాపు ఉండదు, ఇంట్లో ఆ మాట ఏటా వస్తుంది.

మొన్న ఒకాయన, ఇంతకు ముందు చాలాసార్లు దిగానండీ, నన్ను చూడనక్కర్లేదు అన్నారు. నవ్వి, ఆయన పట్టీని కూడా పట్టుకుని చూశాను. మడిచే ఉంది.