నల్లాకు మీద నా ఇష్టం

మా ఒంగోలు వైపు పొగాకు రైతు దగ్గరికెళ్లి "ఆకు భలే నల్లగా వచ్చింది బాబాయ్" అంటే ఆయన మొహం మాడిపోద్ది. వర్జీనియా పొగాకుకి పసుపే అందం, పసుపే రేటు. ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్‌లో వేడి కాస్త తేడా పడి ఆకు నల్లబడిందంటే వేలం ప్లాట్‌ఫాం మీద అది లోగ్రేడే, బ్రైట్ గ్రేడ్‌కి పలికే ధర దానికి రానే రాదు. అలాంటి ఊళ్లలో పెరిగిన నాకు ఇప్పుడు అన్ని పొగాకుల్లోకీ బాగా ఇష్టమైంది ఏదంటే దాదాపు నల్లగా, నూనె తేలి, ముడతలు పడి, లావు ఈనెలతో ఉండే కనెటికట్ బ్రాడ్‌లీఫ్, అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో పండే వెడల్పాటి ఆకు. ఆ ఆకు చుట్టిన ఫుల్ స్ట్రెంగ్త్ (బాగా ఘాటైన) మదూరో సిగార్ గురించి, అంటే పైఆకుని బాగా మగ్గబెట్టి నల్లబరిచిన చుట్ట గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేనుండేది ఆ కనెటికట్‌లోనే, హార్ట్‌ఫర్డ్ దగ్గర. ఇన్సూరెన్స్ కంపెనీల ప్రాజెక్టుల మీద వచ్చిన మన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు కానీ 91 హైవే మీద ఉత్తరంగా కాసేపు పోతే విండ్సర్, ఈస్ట్ విండ్సర్, ఎన్‌ఫీల్డ్ వైపు పొగాకు చేలున్నాయని వాళ్లలో చాలామందికి తెలీదు. రోడ్డు పక్కన పొడవాటి చెక్క షెడ్లు కనిపిస్తాయి, గోడల్లో పలకలు వరసగా తెరుచుకుని ఉంటాయి, పాత గొడ్ల చావిళ్లు అనుకుని వెళ్లిపోతాం. అవి పొగాకు ఆరేసే షెడ్లు. 1920ల మొదట్లో ఈ రాష్ట్రంలో సుమారు 30 వేల ఎకరాల్లో పొగాకు పండేది, ఇప్పుడు అందులో మిగిలింది చాలా కొంచెం, మిగతా నేలంతా ఇళ్లూ గోడౌన్లూ. 1944 ఎండాకాలంలో పదిహేనేళ్ల మార్టిన్ లూథర్ కింగ్ అట్లాంటా నుంచి వచ్చి ఇక్కడే సిమ్స్‌బరీ పొగాకు తోటల్లో కూలికి పనిచేశాడు, నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ ఒకే చోట కూర్చుని తినడం ఆయన ఇక్కడే చూశాడు. అటు వెళ్లినప్పుడల్లా అది గుర్తొస్తుంది నాకు.

సరే, అసలు విషయానికొస్తా. సిగార్ షాపులో నల్లటిది చూడగానే అందరూ "అమ్మో, చాలా ఘాటు" అంటారు. కాదు. రంగు వేరు, ఘాటు వేరు. కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, ఏడాది దాటితే నల్లబడుతుంది, అంతమాత్రాన పులుపు రెట్టింపవదు కదా, ఆ పదును తగ్గి రుచి లోతుగా అవుతుంది. మదూరో ఆకు కూడా అంతే. ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో మగ్గిన (ఫెర్మెంట్ అయిన) ఆకు అది, ఆ క్రమంలో అమ్మోనియా బయటికి పోతుంది, నికొటిన్ కూడా కొంత తగ్గుతుంది. అంటే పైన కనిపించే నలుపు మెత్తదనానికి గుర్తు. ఘాటు ఎక్కణ్ణుంచి వస్తుందంటే లోపల పెట్టిన ఆకు నుంచి, దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు ఈ నలుపు ఎలా వస్తుందో చెప్పాలి, నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది అదే. బ్రాడ్‌లీఫ్‌ని మన వర్జీనియాలాగా కింద నుంచి ఆకు ఆకు కొట్టుకుంటూ రారు, మొక్క మొత్తం కాండంతో సహా నరికేస్తారు. చేలోనే కాసేపు వాడనిచ్చి, పొడుగాటి కర్రకి కాండాలు గుచ్చి షెడ్డులో తలకిందులుగా వేలాడదీస్తారు. మన దగ్గర బ్యారన్‌లో మంట పెట్టి వారం తిరక్కుండానే ఆకుని పసుపు మీద నిలిపేస్తాం కదా, ఇక్కడ ఆరు నుంచి ఎనిమిది వారాలు గాలికే వదిలేస్తారు. గోడ పలకలు తెరవడం మూయడం, తేమని బట్టి గాలిని సర్దడం, అదే పని. పచ్చ పోయి పసుపు, పసుపు పోయి గోధుమ. తర్వాత వాన ముసురు కోసం చూస్తారు, గాల్లో చెమ్మ తగిలి ఆకు మెత్తబడితే తప్ప కిందికి దించరు, ఎండుగా ఉన్నప్పుడు ముట్టుకుంటే పొడైపోద్ది.

ఆ తర్వాత మండె. స్పానిష్ వాళ్లు పిలోన్ అంటారు, వేల కిలోల ఆకుని కట్టలు కట్టలుగా మనిషెత్తు పేరుస్తారు. బరువుకీ చెమ్మకీ లోపల దానంతటదే వేడి పుడుతుంది, మంట అవసరం లేదు. మధ్యలో థర్మామీటర్ గుచ్చి ఉంచుతారు, అనుకున్న వేడి రాగానే మండె విప్పి లోపలి ఆకు బయటికీ బయటి ఆకు లోపలికీ వచ్చేలా మళ్లీ పేరుస్తారు, మళ్లీ వేడెక్కుతుంది, మళ్లీ తిరగేస్తారు, ఇలా నెలల తరబడి, మదూరోకైతే ఇంకా ఎక్కువ. 50 డిగ్రీల సెల్సియస్ దాటించి ఆపుతారు. అంత వేడికి పల్చటి ఆకు చివికిపోతుంది, అందుకే మదూరోకి మందపాటి ఆకులే పనికొస్తాయి, కనెటికట్ బ్రాడ్‌లీఫ్, మెక్సికోలోని సాన్ ఆంద్రేస్, బ్రెజిల్‌లో మాతా ఫీనా లాంటివి. తొందరపడేవాళ్లు ఆకుని ఆవిరికి ఉడికించీ, రంగు పూసీ నలుపు తెప్పిస్తారు, పెదాలకి నలుపు అంటుకుంటే అనుమానించండి. నాకది అన్యాయం అనిపిస్తుంది, రంగు వస్తుంది కానీ ఆ రంగు వెనకాల ఉండాల్సిన కాలం అందులో ఉండదు.

ఇక ఘాటు. పొగాకు మొక్కలో కింది ఆకులు పల్చగా, చప్పగా, బాగా మండేవి. పైకి పోయేకొద్దీ ఎండ ఎక్కువ తగిలి ఆకు మందంగా, జిగటగా, నికొటిన్ నిండుగా ఉంటుంది. ఆ పైఆకుని లిహేరో అంటారు. అది త్వరగా మండదు, అందుకే సిగార్ చుట్టేవాళ్లు దాన్ని సరిగ్గా నడిమధ్యలో పెట్టి చుట్టూ తేలిక ఆకు వేస్తారు, పక్కకి జరిగితే ఒకవైపే కాలుకుంటూ పోతుంది. ఫుల్ స్ట్రెంగ్త్ మదూరో అంటే నడిమధ్యన ఈ లిహేరో దండిగా ఉండి, పైన ఓపిగ్గా నల్లబడిన ఆకు ఉన్నది. లోపల దూకుడు, పైన నిదానం. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టి ఉంచడమే దాని గొప్పతనం అని నా అభిప్రాయం. ఒట్టి ఘాటు సిగార్లు చాలా ఉన్నాయి, ఒట్టి మెత్తటి మదూరోలూ చాలా ఉన్నాయి, రెండూ సమానంగా తూగినవి తక్కువ.

నాకు అలా తూగింది అనిపించేది లీగా ప్రివాదా నంబర్ 9 అనే సిగార్. డ్రూ ఎస్టేట్ అనే కంపెనీ వాళ్లది, నికరాగ్వాలో ఎస్తెలీ ఊళ్లో చుడతారు. పైన మా పక్క చేలల్లో పండే బ్రాడ్‌లీఫ్, దాని కింద బ్రెజిల్ మాతా ఫీనా, లోపల నికరాగ్వా, హోండురస్ ఆకులు. మొదట్లో అమ్మకానికి కాదు, అప్పట్లో ఆ కంపెనీని నడిపిన స్టీవ్ సాకా తను కాల్చుకోవడానికి చేయించుకున్న బ్లెండ్ అది. ఖరీదు ఎక్కువే, కాబట్టి నాకిది రోజూ కాల్చే వస్తువు కాదు, పండగకో, ఏదైనా పెద్ద పని అయిపోయిన శనివారానికో.

కడుపు నిండా అన్నం తిన్నాకే ముట్టుకుంటా. వెలిగించకముందు ముక్కు దగ్గర పెట్టుకుంటే మగ్గిన ఆకు వాసన, కొంచెం పశువుల కొట్టం వాసన, కాఫీ గింజ వాసన. కట్ చెయ్యడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, నోట్లో పెట్టుకునే చివర ఆకుతో మూసి ఉంటుంది, ఆ మూత దగ్గర కొంచెం తీస్తే చాలు. వెలిగించడం మాత్రం తొందర పడకూడదు, పై ఆకు మందం కాబట్టి అది అంటుకోవడానికి టైం పడుతుంది, మంటని తాకించకుండా అంచులు ఎర్రబడేదాకా తిప్పుతూ ఉంటా. సిగార్లు దాచే పెట్టెలో కూడా తేమ 65 శాతం దగ్గరే ఉంచుతా, అంతకన్నా ఎక్కువైతే ఈ ఆకు నీళ్లు పట్టుకుని వంకరగా కాలుతుంది.

మొదటి అంగుళంలో మిరియం, నాలుక మీద కాదు, ముక్కు వెనకాల. కొద్దిగా పొగని ముక్కుతో వదిలితే తెలుస్తుంది. అది సర్దుకున్నాక మెల్లగా కోకో, మాడే దాకా వేయించిన కాఫీ, తడిమట్టి, అడుగున ఒక తీపి. ఈ తీపి గురించి ఆకులో చక్కెర ఉంది అంటారు చాలామంది, నిజానికి గాలికి ఆరేటప్పుడే ఆకులో చక్కెర దాదాపు ఖర్చయిపోతుంది, మండెలో మగ్గినప్పుడు పుట్టిన వాసనల వల్ల మనకి తీపి అనిపిస్తుంది. సగం దాటాక పొగ చిక్కబడుతుంది, ఇక్కడ లిహేరో మాట్లాడ్డం మొదలవుతుంది, ఛాతీలో కాదు కాళ్లలో తెలుస్తుంది, అలా కూర్చుండిపోవాలనిపిస్తుంది. నిమిషానికి ఒక్క పీల్పు, అంతకన్నా తొందరపడితే నిప్పు వేడెక్కి ఆ కోకో అంతా చేదైపోతుంది. నెలల పాటు ఎవరూ తొందరపెట్టని ఆకుని మనం గంటన్నరలో తొందరపెట్టడం మర్యాద కాదు.

పొగ లోపలికి పీల్చకూడదు, నోట్లోనే. సిగార్ పొగ క్షార గుణం వల్ల నికొటిన్ నోటి చర్మం నుంచే ఎక్కుతుంది. మన వర్జీనియా ఆకులో చక్కెర ఉండి పొగ ఆమ్లంగా ఉంటుంది, అందుకే సిగరెట్ ఊపిరితిత్తుల్లోకి లాగితే తప్ప ఎక్కదు. కానీ లోపలికి పీల్చట్లేదు కదా అని సిగార్‌తో ఏం కాదనుకోవడం తప్పు. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ ప్యాకెట్ అంత పొగాకు ఉండొచ్చు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం, దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. నాకిష్టం కాబట్టి అరుదుగా కాలుస్తా, అలవాటు లేనివాళ్లని మొదలుపెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను, పిల్లలున్న చోట అసలు వెలిగించను.

ఇది కాలుస్తూ ఉంటే నాకు మన లంక పొగాకు మీద బెంగ కలుగుతుంది. గోదావరి లంకల్లో వరద వదిలిన ఒండ్రులో పండి, మండెల్లో మగ్గి, చుట్టలుగా వచ్చే ఆకు. ఘాటు ఉంది, వాసన ఉంది, పండించే చేతులు తరాలుగా ఉన్నాయి. కానీ ఏ లంకలో ఏ ఏడు పండింది, ఎన్నాళ్లు మగ్గింది అని చెప్పి అమ్మే చుట్ట నేను చూడలేదు. ఇక్కడ మా పక్క చేలో ఆకుకి ఆ మర్యాద దక్కుతోంది. రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు, ఆకు తెలిసినవాళ్లకి మనకేం కరువు లేదు.

బ్రాడ్‌లీఫ్ కాకుండా వేరే మదూరో చూడాలనుకునేవాళ్లకి పద్రోన్ 1926 సిరీస్. క్యూబా పొగాకు కుటుంబం నుంచి వచ్చిన హోసె ఓర్లాండో పద్రోన్ 1964లో మయామీలో మొదలుపెట్టిన కంపెనీ, తొలి పెట్టుబడి ఒక స్నేహితుడిచ్చిన చిన్న సుత్తితో వడ్రంగి పని చేసి కూడబెట్టాడు. 1926 ఆయన పుట్టిన ఏడు, 2017లో పోయాడు. లోపలా బయటా అంతా నికరాగ్వా ఆకే, ఐదేళ్లు నిల్వ పెట్టి చుడతారు, నలుచదరంగా నొక్కి ఉంటుంది. రుచి మరింత శుభ్రంగా, కోకో ఇంకా స్పష్టంగా, ఘాటు మాత్రం చెప్పకుండా చివర్లో వస్తుంది. నాలుగు పక్కలా నునుపు చెక్కిన సిగార్ అది, లీగా ప్రివాదాలో ఉండే ఆ మట్టి మొరటుతనం ఇందులో ఉండదు. రెండూ ముందు పెట్టి ఒకటి తీసుకోమంటే నేను ఆ మొరటు ఆకే తీసుకుంటా.