తలుపు మూసి ఉన్న హోటల్ కోసం వెతకండి

రోమ్‌లో దిగిన మొదటి రాత్రే నేనూ మా బామ్మర్దీ నిలువునా మునిగిపోయాం. వాడు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాడు, నేను కడప నుంచి పోయినవాణ్ణి, పొద్దున విమానంలో ఇచ్చిన చల్లటి రొట్టె తప్ప కడుపులో ఏమీ లేదు. ఫౌంటెన్ల దగ్గర ఒక పెద్ద సందులో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన రోడ్డు మీదికొచ్చి "ఇండియా? నమస్తే!" అని మెనూ చేతిలో పెట్టేసరికి కరిగిపోయాం. మెనూలో ప్రతి వంటకానికీ ఫొటో, ఏడు భాషల్లో పేర్లు. చేప ఎనిమిది యూరోలు అని ఉంటే పర్వాలేదే అనుకుని చెప్పేశాను. బిల్లు వచ్చాక చూస్తే ఆ ఒక్క చేపకే 56 యూరోలు! పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 'ఎత్తో' అని ఉంది. ఎత్తో అంటే అక్కడ వంద గ్రాములు. మా చేప ఏడు వందల గ్రాములు తూగిందట. రొట్టెకు వేరే, మంచినీళ్ల బాటిల్‌కు వేరే. ఆయన తప్పేమీ లేదు, మెనూలో రాసే పెట్టాడు. మనమే చదవలేదు.

ఆ రాత్రి రూముకు నడుచుకుంటూ పోతుంటే బామ్మర్ది అడిగాడు. "బావా, మన ఊరికి ఎవరైనా తెల్లోడొచ్చి మంచి తిండి ఎక్కడ దొరుకుతాది అంటే యాడికి తీసుకపోతావు?"

ఆలోచించాను. కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర పద్నాలుగు పేజీల మెనూ ఉన్న ఏసీ హోటళ్లకైతే తీసుకుపోను. అక్కడ చైనీస్ దొరుకుతుంది, పంజాబీ దొరుకుతుంది, పొద్దున పదకొండు నుంచి రాత్రి పదకొండు దాకా ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. ఉగ్గాని బజ్జీ పెట్టే బండి దగ్గరికి తీసుకుపోతాను, కానీ తొమ్మిదిన్నర లోపల. దాటితే గిన్నె బోర్లించేసి ఉంటారు. సంగటి, నాటుకోడి పులుసు అయితే మధ్యాహ్నం ఒంటిగంటకు, రెండున్నరకు పోతే చట్టిలో పులుసు మాత్రమే మిగులుతుంది. కారం దోశ తినాలంటే నిలబడాలి, పెనం ముందు వంతు కోసం. అంటే మన ఊర్లో మంచి తిండి దొరికే చోటు రోజులో ఎక్కువసేపు మూసే ఉంటుంది. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసినవాణ్ణి, పరాయి దేశంలో అడుగు పెట్టగానే ఎందుకు మర్చిపోయానో!

రోమ్‌లోనూ లెక్క అదే. బాగా వండే ట్రట్టోరియాలు, అంటే ఇంటివాళ్లు నడుపుకునే మామూలు భోజన హోటళ్లు, మధ్యాహ్నం పన్నెండున్నరకు తీసి మూడు గంటల లోపల మూసేస్తాయి. మళ్లీ తీసేది రాత్రి ఏడున్నరకు. ఊరివాళ్లు వచ్చేది ఎనిమిదిన్నర దాటాకే. సాయంత్రం ఐదింటికి తలుపులు బార్లా తీసి, బల్లల మీద ప్లేట్లు పరిచి, రారమ్మని పిలుస్తున్నారంటే ఆ వంట మీ కోసం, నా కోసం, కాళ్లు లాగి కూలబడిన ప్రతి టూరిస్టు కోసం. ఆ వేళకు ఆకలేస్తే బేకరీలో తూకానికి అమ్మే పిజ్జా ముక్క కొనుక్కోండి, కత్తెరతో కత్తిరించి ఇస్తారు, తిని నడుస్తూ ఉండండి. నీళ్లు కొనే పని కూడా లేదు. రోడ్ల పక్కన ముక్కు లాంటి గొట్టంతో ఇనప కుళాయిలు ఉంటాయి, నసోనీ అంటారు, 1874 నుంచి ఉన్నాయి. చల్లటి మంచినీళ్లు, ఊరికే.

మరుసటి రోజు గురువారం. కొలోసియం దగ్గర మెట్రో ఎక్కి రెండో స్టేషన్ పిరమిడేలో దిగి టెస్టాచ్చో అనే పేటకు పోయాం. 1891 నుంచి 1975 దాకా అక్కడ పెద్ద కబేళా నడిచింది. పశువును కోసి నాలుగు భాగాలు చేస్తే మంచి భాగాలన్నీ డబ్బున్నోళ్లకు పోయేవి. పేగులు, పొట్ట, తోక, గుండెకాయ లాంటివి పనివాళ్లకు మిగిలేవి, కూలి కింద కొంత అవే ఇచ్చేవాళ్లట. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'క్వింతో క్వార్తో', అంటే ఐదో పాలు. రోమ్ వంటల్లో పేరున్నవి చాలా ఈ ఐదో పాలులోంచి వచ్చినవే. తలకాయ, కాళ్లు, బోటి తిని పెరిగిన సీమ మనిషికి ఇంత కంటే కొండగుర్తు ఏం కావాలి?

ఆ పేటలోని మార్కెట్‌లో కూరగాయలమ్మే ఒక పెద్దావిడ దగ్గర రెండు నారింజలు కొని, ఫోన్‌లో తర్జుమా పెట్టి అడిగాను. 'మంచి రెస్టారెంట్ ఎక్కడ' అని అడగలేదు, 'మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు' అని అడిగాను. ఈ రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది. కడపలో ఆటో అన్నను మంచి హోటల్ అడిగితే అద్దాల తలుపులున్న చోట దింపుతాడు, నువ్వు యాడ తింటావన్నా అని అడిగితే ఒక్క క్షణం మన మొహం చూసి, బండి తిప్పి సంగటి దగ్గరికి పోనిస్తాడు. ఆవిడ కూడా అట్లే చూసింది, చూసి వెనక వీధి చూపించి, వేళ్లతో ఏదో ఉండలు చేస్తున్నట్టు సైగ చేసి "జోవెదీ, న్యోకీ" అంది.

జోవెదీ అంటే గురువారం. న్యోకీ అంటే ఉర్లగడ్డ ఉడకబెట్టి, పిండి కలిపి చేసే చిన్న ఉండలు. రోమ్‌లో గురువారం న్యోకీ, శుక్రవారం చేపలు, శనివారం బోటి అని పాత లెక్క ఒకటుంది, అందరూ పాటించకపోయినా పాత హోటళ్లలో ఇంకా నడుస్తోంది. ఆ వీధిలో ఆ హోటల్‌కు బోర్డు కూడా సరిగా లేదు. మెనూ ఒకే కాగితం, చేత్తో రాసింది, ఇటాలియన్‌లో మాత్రమే. లోపల సిమెంటు మరకల ప్యాంట్లతో నలుగురు పనివాళ్లు, ఒక్కడే కూర్చుని పేపరు చదువుకుంటూ తింటున్న తాత. ఇంకేం చూడాలి? ఆ న్యోకీ నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. ఇద్దరికీ కలిపి ముందు రాత్రి చేపకు పెట్టిన దాంట్లో సగం కూడా కాలేదు.

ఫోన్‌లో రేటింగులు చూడొద్దని అనను, నేనూ చూస్తాను. కానీ నక్షత్రాలు లెక్కపెట్టడం మానేశాను. ఇటాలియన్‌లో రాసిన రివ్యూలు వెతికి తర్జుమా చేసుకుంటాను. 'సర్వీస్ చాలా ఫ్రెండ్లీ, వ్యూ అద్భుతం' అంటే పక్కన పెట్టేస్తాను. 'ఈసారి బోటిలో పుదీనా తక్కువైంది' అని ఎవడైనా సణిగాడంటే ఆ చోటు గుర్తు పెట్టుకుంటాను, వాడు పదిసార్లు తిన్నవాడు కాబట్టి.

మాంసం తిననివాళ్లకు ఒక మాట. కాచో ఎ పెపే అని జున్ను (చీజ్), మిరియాలు మాత్రమే వేసే పాస్తా ఉంది, మనవాళ్లంతా అదే చెప్పుకుంటారు. అయితే అందులో వేసే పెకొరీనో జున్నును గొర్రెపిల్ల కడుపులోంచి తీసే పదార్థంతో పేరబెడతారు. పట్టింపు గట్టిగా ఉంటే జున్ను లేని మరినారా పిజ్జా, లేదంటే పుదీనా, వెల్లుల్లి పెట్టి వండే ఆర్టిచోక్ చెప్పుకోవచ్చు. ఆర్టిచోక్ అంటే పొరలు పొరలుగా అరటిపువ్వులా ఉండే మొగ్గ. మేం పోయింది మార్చి నెలాఖరు, దానికి అదే కాలం.

శనివారం బోటి దగ్గర మాత్రం ఆగిపోయాను. అది ఆవుది. పైగా శనివారం మా ఇంట్లో నీచు ముట్టం. ఆ పూట శనగలేసిన పాస్తాతో సరిపెట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మళ్లీ అదే పేటలో, పక్క వీధిలో, కోరతెల్లా తిన్నాం. గొర్రెపిల్ల గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి ఆర్టిచోక్‌తో వేయించింది. కారం లేదు, ఎర్రగడ్డ తీపి, కొంచెం వైన్ పులుపు. మొదటి ముద్దకు బామ్మర్ది నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను, తర్వాత ప్లేట్లు ఖాళీ అయ్యేదాకా మాటల్లేవు.

బయటికొచ్చి వాడు వాళ్లమ్మకు వీడియో కాల్ చేశాడు. ఏం తిన్నార్రా అని అడిగింది మా అత్త. చెప్పాడు.

"దానికి రోమ్ దాకా పోవల్లనా నాయనా, ఆదివారం పొద్దున బజారుకు పోతే నేను చేసి పెట్టనా?"