ప్రశ్న కన్నా ముందు ఫైళ్ల సంగతి చూసుకోండి

అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీకి విదేశం వెళ్లినవారికి రాత దగ్గర కన్నా ప్రశ్న దగ్గరే ఎక్కువ కాలం పోతుంది. గైడే టాపిక్ ఇచ్చే పద్ధతికి అలవాటుపడినవారు ‘భారత్–చైనా సంబంధాలు’ అని చెప్పుకుంటూ ఏడాది గడిపేస్తారు. అది టాపిక్ మాత్రమే. 1962లో సరిహద్దు తగాదా యుద్ధమైంది. 1967లో సిక్కిం సరిహద్దులోని నాథూ లా దగ్గర ఫిరంగులు పేలినా, 1986–87లో అరుణాచల్ సరిహద్దులోని సుమ్‌దొరాంగ్ చు దగ్గర సైన్యాలు మోహరించినా యుద్ధం రాలేదు. ఈ తేడా ఎందుకు? ఇదీ ప్రశ్న. యుద్ధం రాని రెండు సందర్భాలనే తీసుకుంటే ఏ కారణం చెప్పినా అతికినట్టే ఉంటుంది. యుద్ధం వచ్చిన సందర్భంతో కూడా పోల్చి చూస్తేనే ఆ కారణం నిలుస్తుందో లేదో తెలుస్తుంది. మీ థీసిస్‌ను పరిశీలించే కమిటీ ముందుగా పట్టుకునేది ఇదే.

ప్రశ్న కుదిరిందని వెంటనే ప్రపోజల్ రాయడానికి కూర్చోకండి. జవాబు చెప్పే కాగితాలు ఎక్కడున్నాయి, వాటిని మీకు చూపిస్తారా అన్నది ముందు తేల్చుకోండి. భారత పబ్లిక్ రికార్డ్స్ రూల్స్, 1997 ప్రకారం శాశ్వతంగా ఉంచాల్సిన ఫైళ్లు 25 ఏళ్లు దాటాక పాత ప్రభుత్వ రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాలి. అయినా 1962 ఓటమి మీద తయారైన హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదికను ప్రభుత్వం అధికారికంగా బయటపెట్టలేదు. చైనా విదేశాంగ శాఖ 2004లో తన ఆర్కైవ్ తెరిచింది. 2013 నాటికి అందులో చాలా భాగం మళ్లీ మూతపడింది. ఒకే ఆర్కైవ్‌ను నమ్ముకున్న ప్రపోజల్ ఇలాంటి చోటే కూలుతుంది. అందుకే ప్రతి అధ్యాయానికీ రెండో ఆధారం ఏమిటో ప్రపోజల్‌లోనే రాసి పెట్టుకోవాలి.

ఆ రెండో ఆధారం చాలాసార్లు ప్రైవేటు పేపర్లలో దొరుకుతుంది. ఇందిరా గాంధీకి ప్రిన్సిపల్ సెక్రటరీగా పనిచేసిన పి.ఎన్. హక్సర్ పేపర్లు ఢిల్లీలో 2023 వరకు నెహ్రూ మెమోరియల్ పేరుతో ఉండి, ఇప్పుడు ప్రైమ్ మినిస్టర్స్ మ్యూజియం అండ్ లైబ్రరీగా పిలిచే లైబ్రరీలో ఉన్నాయి. లేదా మూడో దేశం ఫైళ్లలో దొరుకుతుంది. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎఫ్‌సీఓ 37 సిరీస్ బ్రిటిష్ విదేశాంగ శాఖ దక్షిణాసియా విభాగానిది. అమెరికాలో కాలేజ్ పార్క్ అనే ఊళ్లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 59 (రికార్డ్ గ్రూప్ 59) ఆ దేశ విదేశాంగ శాఖ రికార్డు. కానీ ఢిల్లీలోని బ్రిటిష్ దౌత్యవేత్త రాసిన టెలిగ్రామ్ భారత ప్రభుత్వ ఆలోచన కాదు. ఒక భారత అధికారి ఆయనకు వినిపించాలనుకున్న మాట మాత్రమే. ఈ తేడా మరిచిన అధ్యాయాన్ని వైవాలో నిలబెట్టుకోవడం కష్టం.

జ్ఞాపకాల పుస్తకాలతో ఇంకా జాగ్రత్త. క్యూబా క్షిపణి సంక్షోభంలో 1962 అక్టోబర్ 27న అమెరికా అధ్యక్షుడి తమ్ముడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌తో మాట్లాడుతూ టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులను తీసేస్తామనీ, ఆ సంగతి రహస్యంగా ఉండాలనీ చెప్పారు. 1969లో వచ్చిన రాబర్ట్ కెనెడీ పుస్తకంలో ఆ బేరం స్పష్టంగా కనిపించదు. ఆ భాగాన్ని తానే ఎడిట్ చేసి తీసేశానని అధ్యక్షుడు కెనెడీ సలహాదారు సోరెన్సెన్ 1989లో ఒప్పుకున్నారు. ఆ ఇరవై ఏళ్లలో కేవలం పుస్తకాన్ని నమ్మి ‘మొండిగా నిలబడితేనే గెలుపు’ అని తేల్చినవారి వాదానికి పునాది అప్పటికే సగం పోయింది.

ఆర్కైవ్ గదిలో పెన్ను పనికిరాదు, పెన్సిల్ మాత్రమే. క్యూ, కాలేజ్ పార్క్ లాంటి చోట్ల ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. ముందు పెట్టె లేబుల్, తర్వాత ఫైల్ అట్ట, ఆ తర్వాతే పేజీలు. ఈ వరుస తప్పితే నెల తిరిగేసరికి ఏ పేజీ ఏ ఫైల్‌దో తెలియదు, ఫుట్‌నోట్ రాయలేరు. రోజుకు 300 ఫొటోలు తీస్తే పది రోజులకు 3,000 అవుతాయి. ఏ రోజువి ఆ రాత్రే ఫైల్ నంబరుతో పేరు పెట్టి, రెండు చోట్ల కాపీ చేసి, ప్రతి ఫైల్‌కూ మూడు వాక్యాల నోట్ రాయాలి.

లెక్కలతో పనిచేసేవారికి ఇబ్బంది నిర్వచనం దగ్గర వస్తుంది. యుద్ధాల డేటా సేకరించే కోరిలేట్స్ ఆఫ్ వార్ ప్రాజెక్టు 12 నెలల్లో 1,000 మంది సైనికులు చనిపోతేనే యుద్ధమంటుంది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం డేటాలో సాయుధ సంఘర్షణగా లెక్కించడానికి ఏడాదిలో 25 పోరాట మరణాలు చాలు. ఏ గీత ఎంచుకుంటే నాథూ లా దాని ప్రకారం మరో గడిలోకి మారుతుంది. ఎందుకు ఎంచుకున్నారో ముందే రాయండి, రెండో గీతతోనూ ఫలితం చూపండి. 190 దేశాలను జంటలుగా పెడితే ఏడాదికి 17,955 జతలు వస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడినవే. వాటిని విడివిడి పరిశీలనలుగా లెక్కేస్తే ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) తక్కువగా వచ్చి, లేని సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంటర్వ్యూలు ఫైళ్లు చదివాకే. ఖాళీ చేతులతో వెళితే రిటైరైన రాయబారి నుంచి పత్రికల్లో వచ్చిన కథే మళ్లీ వినబడుతుంది. మనుషులతో చేసే పరిశోధనకు విశ్వవిద్యాలయం ఇచ్చే ఎథిక్స్ అనుమతి రాకముందు చేసిన ఇంటర్వ్యూను థీసిస్‌లో వాడనివ్వకపోవచ్చు. పేరు వాడాలా, హోదా మాత్రమే వాడాలా, ఏదీ వాడకూడదా అన్నది సంభాషణ మొదట్లోనే తేల్చుకుని రాసుకోండి.

వీసా కూడా థీసిస్ పనిలో భాగమే. భారత్‌లో పరిశోధన చేయాలంటే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నవారికి ప్రత్యేక అనుమతి కావాలి. 2021 మార్చి నోటిఫికేషన్ ఈ మాట స్పష్టం చేసింది. అమెరికాలో ఎఫ్‌–1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు ఐదు నెలలకు మించి దేశం బయట ఉండే ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లే ముందు సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డు యాక్టివ్‌గా ఉండేలా ఇంటర్నేషనల్ ఆఫీసుతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. బ్రిటన్‌లో పీహెచ్‌డీ విద్యార్థికి వేసవి సెలవంటూ ఉండదు. ఆమోదం పొందిన సెలవు రోజుల్లో తప్ప వారానికి 20 గంటల పని పరిమితి ఏడాదంతా వర్తిస్తుంది. బోధన పనితో ఇల్లు నడుపుకునేవారు ఆ గంటలను చూసుకునే ఆర్కైవ్ నెలలను కేటాయించుకోవాలి.

బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాల్లో పదాల పరిమితి 80,000 నుంచి 1,00,000 వరకు ఉంటుంది. అందులో ఇతరుల సిద్ధాంతాలకే 30,000 ఖర్చుపెడితే సొంత ఆధారానికి చోటు మిగలదు. ఉపోద్ఘాతం చివర్లో రాయండి, ముందు ఫైళ్లున్న అధ్యాయం రాయండి. గైడ్‌కు పంపేటప్పుడు పైన ఒక పేజీ జతచేయండి: వాదన ఏమిటి, ఏ ఆధారం బలహీనం, ఏ కాగితం దొరికితే ఈ వాదన తప్పవుతుంది. గైడ్ చెప్పినదానితో విభేదిస్తే మౌనంగా ఉండకండి. పెద్దవారికి ఎదురు చెప్పడంగా దాన్ని ఈ విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా చూడరు. ఏ ఫైల్ ఆధారంగా విభేదిస్తున్నారో నంబరుతో సహా మార్జిన్‌లో రాసి పంపండి.