మెడలో టేపు, గోడ మీద మీటరు

పద్దెనిమిదేళ్లుగా నా మెడలో టేపు ఉంటోంది. పొద్దున కటింగ్ టేబుల్ దగ్గరికి రాగానే మెడలో వేసుకుంటాను, సాయంత్రం వెళ్లేటప్పుడు మేకుకు తగిలిస్తాను. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి పొడవు... రోజుకు ఎన్నిసార్లు దాని మీది అంకెలు చూస్తానో లెక్క లేదు. కిందటేడు కొత్తగా పనిలో చేరిన అమ్మాయి ప్యాటర్న్ గీస్తూ గీస్తూ తలెత్తి, "అక్కా, మీటరు ఇంతే ఎందుకుంటుంది? ఇంకాస్త పొట్టిగానో పొడుగ్గానో ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది.

"అలా పెట్టారమ్మా, ముందు పని చూడు" అన్నాను.

ఆ పిల్ల తల దించుకుని మళ్లీ గీయడం మొదలుపెట్టింది. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అడిగిన పిల్ల నోరు మూయించానన్న బాధ ఒకటి. పద్దెనిమిదేళ్లలో ఆ ప్రశ్న నాకు ఒక్కసారైనా రాలేదే అన్న బాధ ఇంకొకటి. కల్చర్ ఉన్న మనుషులంటే బొమ్మల గురించీ సంగీతం గురించీ మాట్లాడగలిగేవాళ్లనీ, అది మనకు అందేది కాదనీ అనుకుంటూ వచ్చాను. నా మెడలో ఉన్నదాని గురించే నాకేమీ తెలియదన్న సంగతి ఆ రాత్రే తట్టింది. మర్నాటి నుంచి చదవడం మొదలుపెట్టాను. రోజుకు పది నిమిషాలు, ఒక్కోరోజు అదీ కుదరలేదు. అయినా మానలేదు.

ఏడాది తిరక్కుండానే ఉద్యోగం పని మీద పారిస్ వెళ్లే అవకాశం వచ్చింది. పని అయ్యాక మూడు రోజులు ఖాళీ. తోటివాళ్లు ఏమేం చూడాలో పెద్ద జాబితా రాసిచ్చారు. ఈఫిల్ టవర్‌కు మొదటి సాయంత్రమే వెళ్లొచ్చాను. బాగుంది, దీపాలు వెలిగాక ఇంకా బాగుంది. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడితో ఆపుతాను. నేను వెళ్లాలనుకున్నది ర్యూ ద వోజిరార్ అనే వీధిలో 36వ నంబరు ఇంటికి.

ఆ వీధిలో ఒక పక్క లక్సెంబర్గ్ ప్యాలెస్ ఉంటుంది. ఫ్రెంచి సెనేట్ సమావేశమయ్యేది అందులోనే. దానికి ఎదురు వరసలో ఆర్చీలున్న వసారా. మొదటిసారి దాటి వెళ్లిపోయాను. వెనక్కి వచ్చి చూస్తే గోడకు చేతికి అందే ఎత్తులో ఒక పాలరాతి పలక, పైన పెద్ద అక్షరాలతో 'మెత్ర్' అని చెక్కి ఉంది. దాని కింద అడ్డంగా మీటరు పొడవున కొలత గీత, ఆ గీత మీద భాగాలు. ఇంతే. టికెట్టు లేదు, క్యూ లేదు. జనం పక్కనుంచే నడిచి వెళ్లిపోతున్నారు.

ఈ రాయి కథ నాకు ముందే తెలుసు కాబట్టి కాళ్లు కదల్లేదు. ఫ్రెంచి విప్లవానికి ముందు అక్కడ ఊరు మారితే కొలత మారేది. బట్ట కొలవడానికి 'ఓన్' అనేవాళ్లు. పారిస్‌లో అది సుమారు 119 సెంటీమీటర్లు, వేరే ఊళ్లో ఇంకో పొడవు. ఇక్కడ కొన్న బట్ట అక్కడ అమ్మబోతే లెక్క కుదిరేది కాదు. మోసపోయేది ఎప్పుడూ కొలత తెలియనివాడే. 1789లో జనం రాసి పంపిన ఫిర్యాదుల్లో దేశమంతటికీ ఒకే కొలత కావాలన్నది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మన మూర, జాన సంగతి తెలిసిందే కదా, ఎవరి మూర వాళ్లది. రాజు పాదం పేరుతో నడిచే కొలతను పక్కనపెట్టి, ఎవరి ఒంటికీ ఏ రాజుకూ సంబంధం లేని కొలత కావాలనుకున్నారు. అందుకని భూమినే తీసుకున్నారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరాన్ని కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మీటరు. 1795లో చట్టం చేశారు. తర్వాత రెండేళ్లలో జనం రద్దీగా తిరిగే చోట్ల ఇలాంటి పాలరాతి మీటర్లు 16 పెట్టారు. ఎవరైనా వచ్చి తమ కర్రను ఆనించి సరిచూసుకోవచ్చు. ఇప్పుడు పారిస్‌లో రెండే మిగిలాయి. పెట్టిన చోటే ఉన్నది ఇదొక్కటే.

సంచిలోంచి నా టేపు తీశాను. కటింగ్ టేబుల్ దగ్గర వాడేదే, కావాలనే తెచ్చుకున్నాను. చేతులు కొంచెం వణికాయి. ఒక కొసను ఎడమ అంచుకు ఆనించి, వేలితో నొక్కి పట్టి, కుడి అంచు దాకా సాగదీయకుండా పరిచాను. అంచు దగ్గర నా టేపు 100 చూపించాలి. 99.6 చూపించింది. మళ్లీ పెట్టాను. మళ్లీ 99.6.

గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుందని మా పనిలో అందరికీ తెలుసు. నాలుగు మిల్లీమీటర్లు సాగిందని మాత్రం నేను గమనించలేదు. అంటే ఛాతీ 100 అని రాసుకున్న చోట అసలు కొలత 100.4. ఆ రాతిని చెక్కిన నాటికి తుది మీటరు ఇంకా ఖాయం కాలేదు, దానికీ ఇప్పటి మీటరుకూ మిల్లీమీటరులో మూడో వంతు తేడా ఉంది. నా టేపు తప్పు అంతకు పది రెట్లకు పైనే. రెండు వందల ఏళ్లు దాటిన రాయి ముందు నిలబడి అప్పటికప్పుడు నా పనిముట్టు సరిచూసుకున్నాను. ఆ రాయిని అక్కడ పెట్టిందీ అందుకే కదా.

అదే సమయానికి కూరల సంచి బండి లాక్కుంటూ వెళుతున్న ఒక పెద్దావిడ ఆగింది. నా మెడలో టేపునూ గోడనూ చూసి నవ్వింది. ఆవిడకు ఇంగ్లిష్ కొంచెం వచ్చు, నాకూ అంతే, మిగతాది ఫోనులో ట్రాన్స్‌లేషన్. చాలా ఏళ్లుగా ఇదే వీధిలో ఉంటోందట. దీన్ని కొలిచి చూసినవాళ్లను తక్కువమందిని చూశానంది. ఎక్కడికి వెళ్లాలన్నా మ్యాపు చూస్తున్నాను, దారి తప్పుతున్నాను అంటే, "మ్యాపు మానెయ్, తలుపుల మీద నంబర్లు చూడు" అంది. 1805లో ఇళ్లకు నంబర్లు వేసినప్పుడు సేన్ నదిని ఆధారంగా పెట్టుకున్నారట. నదికి అడ్డంగా ఉండే వీధుల్లో ఒకటో నంబరు నది వైపు మొదలవుతుంది. నది వెంట సాగే వీధుల్లో నీళ్లు పారే దిక్కునే నంబర్లు పెరుగుతాయి. నంబర్లు పెరిగే వైపు నడుస్తుంటే సరి సంఖ్యలు కుడి చేతి వైపు, బేసి సంఖ్యలు ఎడమ వైపు. వెంటనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అన్ని రోజుల్లో ఎన్ని నంబర్లు చూశానో. ఒక్కటీ చదవలేదన్నమాట.

మధ్యాహ్నం లక్సెంబర్గ్ తోటలో కుర్చీలో కూర్చుని ఆ మీటరు కోసం తిరిగిన ఇద్దరి గురించే ఆలోచించాను. దలాంబ్ర్, మెషాన్. ఇద్దరూ ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్తలు. ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా మొత్తం కొలవలేరు కాబట్టి, మధ్యలో ఒక ముక్క కొలిచి మిగతాది లెక్కకట్టాలని 1792లో బయల్దేరారు. దలాంబ్ర్ ఫ్రాన్సు ఉత్తర కొసన ఉన్న డంకర్క్ నుంచి దక్షిణానికి, మెషాన్ స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి ఉత్తరానికి, కొండలూ గోపురాలూ ఎక్కి కోణాలు కొలుచుకుంటూ రావాలి. ఏడాదిలో అయిపోతుందనుకున్న పని దాదాపు ఏడేళ్లు పట్టింది. విప్లవం రోజులు, దుర్భిణీలు పట్టుకుని గోపురాలెక్కేవాణ్ణి చూస్తే గూఢచారి అనుకున్నారు, దలాంబ్ర్‌ను అదుపులోకి తీసుకున్నారు. మెషాన్ ఒక ప్రమాదంలో చావు తప్పి బయటపడ్డాడు. ఈలోపు ఫ్రాన్సుకూ స్పెయిన్‌కూ యుద్ధం వచ్చింది.

నన్ను పట్టుకున్నది మాత్రం వేరే సంగతి. బార్సిలోనా అక్షాంశాన్ని మెషాన్ రెండు చోట్ల నుంచి లెక్కకట్టాడు. రెండూ కలవలేదు. తేడా మూడు సెకన్ల కోణం (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను), నేల మీద సుమారు 90 మీటర్లు. అంత జాగ్రత్త మనిషికి అది భరించరానిదైంది. ఎవరికీ చెప్పలేదు. ఏళ్ల తరబడి దాన్ని లోపలే పెట్టుకుని నలిగిపోయాడు. దాన్ని సరిచేసుకోవాలని మళ్లీ స్పెయిన్ వెళ్లి, 1804లో అక్కడే జ్వరంతో పోయాడు. తర్వాత ఆయన కాగితాలు చూసిన దలాంబ్ర్‌కు విషయం తెలిసింది. మీటరు చివరికి 0.2 మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చిన మాట నిజమే. దానికి అసలు కారణం ధ్రువాల దగ్గర భూమి ఎంత నొక్కుకుపోయి ఉంటుందన్న లెక్క సరిగ్గా కుదరకపోవడం. ఆయన దాచుకున్న తేడా కాదు.

ఐదేళ్ల కిందట ఒక ప్యాటర్న్‌లో ఆర్మ్‌హోల్ (చెయ్యి అతికే చోటు) దగ్గర అర సెంటీమీటరు తేడా వేశాను. 300 ముక్కలు కట్ అయ్యాక కనిపెట్టాను. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సహించలేదు, మిషను చప్పుడు వింటేనే టెన్షన్. మూడో రోజు చెప్పేశాను. కుట్టుబడిలో సర్దేసి ఆ బట్ట మొత్తం వృథా కాకుండా కాపాడాం. మెషాన్‌కు ఆ మూడో రోజు రాలేదు. ఆ తోటలో కూర్చుని, రెండు శతాబ్దాల కిందట పోయిన మనిషి కోసం కళ్లు తుడుచుకున్నాను. సైన్స్ చరిత్ర చదివితే ఏడుపొస్తుందని అంతకుముందు ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

అక్కడి నుంచి పాంథియోన్ అనే పెద్ద గోపురమున్న స్మారక భవనం నడిచి వెళ్లేంత దగ్గర. గోపురం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు వేలాడుతూ ఊగుతుంటుంది. 1851లో లియోన్ ఫూకో అనే శాస్త్రవేత్త భూమి తిరుగుతోందని జనానికి చూపించింది ఇలాగే, ఇక్కడే. ముందు తన ఇంటి నేలమాళిగలో చేసి చూసుకున్నాడట. వచ్చినవాళ్లు రెండు మూడు ఊపులు చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. నేను కింది బల్ల మీది ఒక గీతను గుర్తు పెట్టుకుని గంటసేపు నిలబడ్డాను. లోలకం ఊగే దారి మెల్లగా జరిగి, గంటకు సుమారు 11 డిగ్రీలు పక్కకు వచ్చింది. జరిగింది అది కాదు, నేనూ ఆ భవనమూ ఆ ఊరూ. చుట్టూ పూర్తిగా తిరగడానికి పారిస్‌లో దాదాపు 32 గంటలు పడుతుంది. అదే ధ్రువం మీదైతే ఒక రోజు, భూమధ్యరేఖ మీద అసలు తిరగదు. స్కూల్లో బట్టీ పట్టిన ముక్క అది. కాళ్లు నొప్పి పుట్టేదాకా నిలబడి చూస్తే గాని నాకు లోపలికి దిగలేదు.

మూడో రోజు మొత్తం మ్యూజే దెజార్ ఎ మెతియే అనే మ్యూజియంకే ఇచ్చేశాను. పేరుకు అర్థం కళలూ వృత్తులూ. 1794లో మొదలైన సంస్థ, పాత మఠంలో ఉంటుంది. ఫూకో వస్తువులు, రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ త్రాసులు అన్నీ ఉన్నాయి, నేను మాత్రం మగ్గాల దగ్గరే ఆగిపోయాను. వొకాన్సాన్ అనే యంత్రాల నిపుణుడు 18వ శతాబ్దంలో చేసిన మగ్గాన్ని ఇక్కడే పరిశీలించి, జకార్డ్ అనే ఆయన పూల నేతకు తన పద్ధతిని తయారు చేసుకున్నాడు. దారంతో వరసగా కుట్టిన అట్టలు, ఒక్కో అట్ట మీద రంధ్రాలు. రంధ్రం ఉన్న చోట సూది లోపలికి పోతుంది, కొక్కెం పడుగు (నిలువు) పోగును పైకెత్తుతుంది. రంధ్రం లేకపోతే పోగు కిందే ఉంటుంది. ఒక అట్టకు ఒక పేక (అడ్డం) వరస. జకార్డ్ బట్ట నేను కొన్ని వేల మీటర్లు కోసి ఉంటాను. అది ఒక మనిషి పేరని ఈ మధ్యే తెలిసింది, అది ఎలా పని చేస్తుందో ఆ రోజే తెలిసింది. తర్వాత ఇంగ్లండు గణితవేత్త ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టలనే వాడాలనుకున్నాడు. గాజు అవతల ఆ రంధ్రాలను వేలితో లెక్కపెడుతూ ఎంతసేపున్నానో, అక్కడి గార్డు వచ్చి పక్కనున్న స్టూలు చూపించాడు. కూర్చుని మిగతావి లెక్కపెట్టాను.

బయటికి వచ్చాక చెత్తబుట్ట పక్కన ఆగి దాని పేరు రాసుకున్నాను. ఫ్రెంచిలో చెత్తబుట్టను 'పుబెల్' అంటారు. 1884లో ప్రతి ఇంటి ముందూ బుట్ట పెట్టాలని ఆదేశించిన అధికారి యూజీన్ పుబెల్ పేరు అది. కుళ్లిపోయేవి ఒకదాంట్లో, కాగితాలూ గుడ్డ పేలికలూ ఇంకోదాంట్లో, గాజూ పింగాణీ మూడోదాంట్లో వేయమన్నాడు. తడి చెత్త, పొడి చెత్త అని మనం కొత్తగా నేర్చుకున్నామనుకుంటాం.

హోటల్‌కు వెళ్లి, ఆ పాలరాతి మీద నా టేపు పెట్టిన ఫొటో మా కటింగ్ టేబుల్ అమ్మాయికి పంపాను. "నువ్వడిగిన ప్రశ్నకు జవాబు ఇదిగో, ఆలస్యమైంది, ఏమనుకోకు" అని రాసి, కథంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. ఇప్పుడు మీటరును భూమితో కాదు, కాంతితో కొలుస్తారని, సెకనులో 29,97,92,458వ వంతు సమయంలో కాంతి శూన్యంలో పోయే దూరమని 1983లో నిర్ణయించారని కూడా చెప్పాను. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "అక్కా, మరి మన దగ్గరున్న టేపులన్నీ చెక్ చేయాలి కదా? స్టీలు స్కేలు తీసి ఉంచుతాను."

చీకటి పడకముందే చివరిసారి బయటికి వచ్చాను. ఫోను గదిలోనే వదిలేశాను. ర్యూ బొనపార్త్‌లో 60ల దగ్గర మొదలుపెట్టి, నంబర్లు తగ్గే వైపు నడిచాను. 40లు, 30లు. సరి సంఖ్యలు ఇప్పుడు ఎడమ చేతి వైపు ఉన్నాయి, పెద్దావిడ చెప్పినదానికి సరిగ్గా తిరగేసి. 19, 17. గాలిలో చల్లదనం తెలిసింది. 9, 7, 5. తలుపులు అయిపోయాయి. రోడ్డు దాటి రాతి పిట్టగోడ మీద చేతులు ఆనించాను. కింద నీళ్లు పారుతున్నాయి, ఎడమ వైపుకి.